దూరవిద్యలో బైబిలు: పాఠాన్ని మోసుకెళ్లే మనిషి

ఈ రోజు గోదావరిఖనిలో మా ఇంట్లోంచే మాట్లాడుతున్నాను. మధ్యలో కిటికీ రెక్కలు గలగలమంటే కంగారుపడకండి. ఓసీపీలో బ్లాస్టింగు టైము దగ్గరపడింది. ఇక్కడివాళ్లకు అది గడియారం లాంటిది, బయటి ఊళ్ల నుంచి చూస్తున్నవాళ్ల కోసం చెబుతున్నాను.

ఈ ఎపిసోడ్‌కి అనుకున్న పాఠం వేరే. కానీ ఈ మధ్య ఫోను చేసినవాళ్లలో చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. "అన్నా, వీడియోలు ఎట్లాగూ చేస్తున్నారు. ఇంకా ఆ జవాబు పత్రాలెందుకు, వారం వారం కూర్చోవడం ఎందుకు? పాఠాలన్నీ వీడియోలుగా పెట్టేయండి. తీరిక ఉన్నప్పుడు ఎవరికి వాళ్లు చూసుకుంటారు. చివర్లో ఒక సర్టిఫికెట్టు ఇస్తే సరిపోతుంది కదా." అడిగినవాళ్లు మంచి మనసుతోనే అడిగారు. నా వయసు చూసి, ఊరూరా తిరగలేకపోతున్నానని జాలిపడి అడిగినవాళ్లు కూడా ఉన్నారు. అందుకే ఫోనులో రెండు మాటల్లో తేల్చకుండా ఇక్కడ కూర్చుని చెబుతున్నాను. అలా చేయను. ఎందుకు చేయనో వినండి.

ముందు నా సంగతి. నేను సెమినరీలో చదివినవాడిని కాదు. ముప్పై రెండేళ్లు సింగరేణిలో పనిచేసి ఓవర్‌మన్‌గా రిటైరయ్యాను. డిగ్రీ కూడా దూరవిద్యలోనే, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ అనే పేరుతో అది మొదలైంది, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. నాలాంటి బాయి పనివాళ్లు చాలామంది అట్లానే బీఏ చదువుకున్నారు. పుస్తకాలు చేతికొచ్చేవి, ఆదివారం కాంటాక్టు క్లాసులు ఉండేవి. నిజం చెప్పాలంటే పుస్తకం నాకు బుర్రకెక్కింది ఆ క్లాసుల్లోనే. అది కూడా లెక్చరరు చెబుతున్నప్పుడు తక్కువ, బయట టీ తాగుతూ పక్కవాడితో వాదులాడుకున్నప్పుడు ఎక్కువ.

దూరవిద్య అనగానే నాకు పసిఫిక్ మహాసముద్రం గుర్తొస్తుంది. ఫిజీలో, సువా పట్నంలో, యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్ పసిఫిక్ 1968లో మొదలైంది. ఫిజీ, టోంగా, సమోవా, కిరిబాటి, తువాలు ఇట్లా 12 చిన్న చిన్న దేశాలకు కలిపి ఒకే యూనివర్సిటీ. ఒక దీవికీ ఇంకో దీవికీ మధ్య వందల మైళ్ల నీళ్లు. 1970లలో వాళ్లు ఏం చేశారంటే, ఏటీఎస్-1 అనే నాసా వాళ్ల ఉపగ్రహాన్ని వాడుకుని దీవుల మధ్య గొంతులు కలిపారు. టీచరు సువాలో, విద్యార్థులు పది దీవుల్లో. పాఠం పుస్తకం పడవలోనో విమానంలోనో ముందే వెళ్లిపోయేది, ఉపగ్రహాన్ని వాడింది ఒకళ్ల ప్రశ్న ఇంకొకళ్లు వినడానికి. ఆ సువాలోనే పసిఫిక్ థియలాజికల్ కాలేజీ కూడా ఉంది, దీవుల్లోని సంఘాల వాళ్లకు దూరవిద్యలో బైబిలు, వేదాంతం నేర్పింది. అన్నట్టు ఫిజీకి 1903 నుంచి మన తెలుగువాళ్లు కూడా చెరకు తోటల కూలీలుగా ఓడలెక్కి పోయారు. అది ఇంకో ఎపిసోడ్ సంగతి.

ఇప్పుడు మన బొగ్గు బెల్టు చూడండి. గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ. ఎయిట్ ఇంక్లైన్ అన్న ఇంగ్లీషు మాట జనం నోట్లో నలిగి నలిగి యైటింక్లయిన్ అయింది, బస్సు బోర్డు మీద కూడా అదే. గోదావరి బ్రిడ్జి దాటితే శ్రీరాంపూర్, మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి, గోలేటి. ఇంకో పక్క భూపాలపల్లి. కింద కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు. కాలనీకీ కాలనీకీ మధ్య అడవి, ఓసీపీ మట్టి గుట్టలు, నది. అయినా బస్సులున్నాయి, రోడ్లున్నాయి. మనల్ని విడగొట్టేది దూరం కాదండీ, షిఫ్టు.

పొద్దున ఏడింటికి మొదటి షిఫ్టు, మధ్యాహ్నం మూడింటికి రెండోది, రాత్రి పదకొండింటికి మూడోది. వారం వారం మారుతుంటుంది. బుధవారం సాయంత్రం ఆరింటికి బైబిలు క్లాసు అని బోర్డు పెట్టామనుకోండి. మొదటి షిఫ్టు వారం వాడు వస్తాడు. రెండో షిఫ్టు పడిన వారం ఆ టైముకు భూమి లోపల ఉంటాడు. రాత్రి షిఫ్టు వారం కళ్లు మండుతూ కూర్చుంటాడు. పక్కపక్క క్వార్టర్లలో ఉండే ఇద్దరు మనుషులు నెలల తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బతకొచ్చు. దీవులంటే ఇంతకంటే ఏముంటుంది!

మరి వీడియో ఉంది కదా అంటారు. బాయిలోకి ఫోను పోదు. సెల్‌ఫోను, అగ్గిపెట్టె, బీడీ అన్నీ పైనే ఆగిపోవాలి. గ్యాసు ఉండే చోటికి నిప్పురవ్వ పుట్టించే వస్తువేదీ పోకూడదు. కాబట్టి ఎనిమిది గంటలు వాడితో పాటు కిందికి పోగలిగింది వాడి బుర్రలో ఉన్నదొక్కటే. అందుకే మా పాఠాల్లో ప్రతి వారం ఒకే ఒక్క ప్రశ్న పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాన్ని మోసుకుపోవాలి. డబ్బా విప్పి తినేటప్పుడు పక్కవాడిని అడగాలి. పక్కవాడు క్రైస్తవుడే కానక్కర్లేదు. అసలు మంచి జవాబులు కొన్ని అట్లాంటివాళ్ల నుంచే వచ్చాయి.

తరగతులు కూడా చర్చి వారీగా కాకుండా షిఫ్టు వారీగా పెట్టుకున్నాం. ఒకే రిలేలో తిరిగేవాళ్లందరూ ఒక గుంపు. మొదటి షిఫ్టు వారం సాయంత్రం, రెండో షిఫ్టు వారం పొద్దున పదింటికి, రాత్రి షిఫ్టు వారం నిద్ర లేచాక ఐదింటికి. దీనివల్ల మేము అనుకోనిది ఒకటి జరిగింది. సీఎస్ఐ వాళ్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు, రోమన్ కేథలిక్కులు ఒకే చాప మీద కూర్చున్నారు. కలపాలని ఎవరూ కలపలేదు, మస్టరు కలిపింది.

సరే, అసలు విషయానికి వస్తాను. కొత్త నిబంధనలో సగానికి పైగా పుస్తకాలు ఉత్తరాలు. అంటే దూరవిద్యే. పౌలు జైల్లో ఉన్నాడు, సంఘం కొలొస్సయిలో ఉంది. పాఠం రాసి పంపాడు. చివర్లో ఏం చెప్పాడో నాలుగో అధ్యాయంలో చూడండి. ఇది చదివాక లవొదికయ వాళ్లకూ చదివి వినిపించండి, అక్కడి పత్రిక మీరు తెప్పించుకుని చదవండి అన్నాడు. పాఠాలు మార్చుకోవడం అన్నమాట. దానికంటే ముందే ఇంకో మాట ఉంది, మనం గబగబా దాటేసే మాట. నా సంగతులన్నీ తుకికు మీకు చెబుతాడు, అందుకే అతన్ని పంపుతున్నాను అంటాడు. ఉత్తరం ఒక్కటే పోలేదు. తుకికు పోయాడు. చదివేటప్పుడు ఎక్కడైనా అర్థం కాకపోతే అడగడానికి మనిషి ఎదురుగా ఉన్నాడు. రోమా పత్రికను ఫీబే తీసుకెళ్లిందని చాలామంది పండితులు అనుకుంటారు, పదహారో అధ్యాయం మొదట్లో ఆమెను పరిచయం చేసిన తీరు అలా ఉంది. అంత కష్టమైన పత్రికను చేతిలో పట్టుకుని రోమాలో ఇంటింటి సంఘానికి వెళ్తే, ఆమెను ప్రశ్నలు అడక్కుండా వదిలి ఉంటారా?

యోహాను సంగతి మరీ దగ్గర. ఆయన పత్మాసు దీవిలో ఉన్నాడు. ఏడు సంఘాలకు రాశాడు. ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీసు, ఫిలదెల్ఫియ, లవొదికయ. ఈ వరుసను మ్యాపు మీద వేలితో గీయండి, ఒక చుట్టు వస్తుంది. విలియం రామ్సే అనే పండితుడు 1904లో ఈ సంగతి మీద పెద్ద పుస్తకమే రాశాడు, ఉత్తరాలు మోసే మనిషి నడిచే దారి ప్రకారమే ఆ వరుస ఉందని. నాకు ఆ మాట నచ్చడానికి కారణం వేరే. పాఠం రాసినవాడు దీవిలో బందీగా ఉన్నాడు గానీ, దాన్ని తీసుకుని ఎవరో కాలినడకన ఊరూరా తిరిగారు.

మన దగ్గరికి వద్దాం. సింగరేణి అన్న పేరు ఇల్లందు దగ్గరి ఊరిది. ఇల్లందు బొగ్గు రైలు చీలిపోయే జంక్షను డోర్నకల్లు. ఆ డోర్నకల్లుకు 1909లో తిరునల్వేలి నుంచి ఒక తమిళుడు వచ్చాడు, వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆయన ముందున్న సమస్య చూడండి. ఊళ్లు చెల్లాచెదురు, జనంలో ఎక్కువమందికి చదువు రాదు, పాదిరీలు గుప్పెడు మంది. ఊరికొక పాదిరీని పెట్టే దారి లేదు. ఆయన పెట్టింది గ్రామ ఉపదేశకులను. 1935 నాటికి రెండు వేలకు పైగా ఉన్నారు వాళ్లు. భార్యలకు కూడా శిక్షణ ఉండాలని పట్టుబట్టాడు. అక్షరం రానివాళ్లకు ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, యేసు కథలు నోటితో, పాటతో నేర్పించారు. ఆ ఉపదేశకులు పెద్ద చదువులు చదివినవాళ్లు కారు. ఆ ఊళ్లోనే తిన్నారు, ఆ ఊళ్లోనే పడుకున్నారు. పొద్దున చెప్పింది సాయంత్రానికి ఎవరికి గుర్తుందో వాళ్లకు తెలుసు. సుమారు వందేళ్ల కిందటి ముచ్చట ఇది, మన బొగ్గు బెల్టు అంచునే.

తర్వాత పోస్టు పాఠాలు వచ్చాయి. అడ్వెంటిస్టుల వాయిస్ ఆఫ్ ప్రాఫెసీ రేడియో వాళ్లు 1942లో అమెరికాలో మొదలుపెట్టిన ఉత్తరాల బైబిలు పాఠశాల ప్రపంచమంతా పాకింది. అట్లాంటివి వేరే సంఘాల వాళ్లవి కూడా వచ్చాయి. మీలో యాభై దాటినవాళ్లు ఆ పాఠాలను చూసే ఉంటారు. పోస్టుమ్యాను తెచ్చిన కవరు, లోపల రెండు పాఠాలు, ఒక ప్రశ్నాపత్రం. జవాబులు రాసి పంపితే దిద్ది మళ్లీ రెండు పాఠాలు పంపేవారు. మా అమ్మ ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి గోడకు పెట్టింది. నేను వాటిని చిన్నచూపు చూడను. ఎవరూ ఉత్తరం రాయని ఇంటికి పేరు మీద కవరు రావడమంటే మాటలు కాదు.

కానీ ఆ పాఠాల్లో ఒక జబ్బు ఉండేది. ఖాళీలను పూరించండి. పైన పాఠంలో ఒక వాక్యం, కింద అదే వాక్యం ఒక మాట తీసేసి. కళ్లు పైకి, చెయ్యి కిందికి, అయిపోయింది. చేతికి రాయడం వచ్చింది గానీ మనిషి ఎక్కడా పాఠంతో తలపడలేదు. ఇప్పుడు వీడియో కింద పెట్టే ఐదు ప్రశ్నల క్విజ్జు కూడా అదే జబ్బు, కాకపోతే తెర రంగులు మారాయి.

1963లో గ్వాటెమాలా దేశంలో ప్రెస్బిటేరియన్ సెమినరీ వాళ్లు ఇంకో దారి తొక్కారు. రాల్ఫ్ వింటర్, జేమ్స్ ఎమెరీ, రాస్ కిన్స్లర్ అనేవాళ్లు. పల్లెటూళ్లలో సంఘాలను నడిపేవాళ్లు రైతులు, కూలీలు, చిన్న వ్యాపారులు. వాళ్లు భార్యాబిడ్డలను, పొలాన్ని వదిలేసి పట్నం సెమినరీకి రాలేరు. వచ్చిన కుర్రాళ్లు చదువయ్యాక పల్లెకు పోరు. అందుకని సెమినరీయే వాళ్ల దగ్గరికి పోయింది. ఇంట్లో చదువుకోవడానికి పుస్తకాలు ఇచ్చారు, టీచరు వారానికోసారి వెళ్లి వాళ్లతో కూర్చున్నాడు. మన దేశంలో బెంగళూరులో టాఫ్టీ అనే సంస్థ 1971లో ఈ పద్ధతిని అందుకుంది. టెడ్ వార్డ్ అనే విద్యావేత్త దీనికి ఒక బొమ్మ గీశాడు, అమెరికా పల్లెల్లో ఉండే కర్ర కంచె. పై కర్ర చదువు. కింది కర్ర రోజువారీ పని, అనుభవం. ఈ రెంటినీ పట్టి ఉంచే గుంజలు వారం వారం కూర్చునే కూటాలు. గుంజలు లేకపోతే రెండు కర్రలూ నేల మీద పడి ఉంటాయి.

మా వాళ్లకు ఆ కంచె తెలియదు. టబ్బులు నడిచే పట్టాలు తెలుసు. రెండు పట్టాలు, అడుగు అడుక్కీ స్లీపర్లు. స్లీపరు ఊడితే పట్టాల మధ్య దూరం మారిపోతుంది, టబ్బు పక్కకు పడుతుంది. అట్లా చెబితే ఒక్క నిమిషంలో అర్థమైంది.

ఇప్పుడు ఒక తరగతి గురించి చెబుతాను. పాఠం యోబు గ్రంథం 28వ అధ్యాయం. బైబిలంతటిలో గని పని గురించి ఇంత వివరంగా రాసిన చోటు ఇంకోటి లేదు. మేము వాడే అచ్చు పాఠంలో ఇది జ్ఞానాన్ని గురించిన కవిత్వం అని, గనుల సంగతి ఉపమానంగా తెచ్చాడని రెండు ముక్కల్లో తేల్చేసి, జ్ఞానం దగ్గరికి వెళ్లిపోయారు. రెండో షిఫ్టు వారం, పొద్దున పదింటికి ఎనిమిది మంది కూర్చున్నారు. ఒకాయన చదువుతున్నాడు. పాత అనువాదం, గ్రాంథికం, మధ్యలో ఆగి ఆగి చదవాలి. మనిషి చీకటికి హద్దు పెట్టి లోపల వెతుకుతాడని, జనం తిరిగే చోటికి దూరంగా బాయి తవ్వుతాడని, కాలు ఆనని చోట వేలాడుతూ ఊగుతాడని ఉంది కదా. అక్కడ ఒక టింబర్‌మన్ చెయ్యెత్తి ఆపాడు.

"అన్నా, గీ రాసినాయన బాయి దిగినోడే. చూడనోడు గిట్ల రాయడు."

అంతే, ఇక పాఠం నా చేతిలో లేదు. పైన భూమి తిండి ఇస్తుంది, కింద నిప్పు పెట్టి తిప్పేసినట్టు ఉంటుంది అన్న మాట దగ్గర గంటసేపు ఉండిపోయాం. పైన వరి పొలం, కింద గాలి తగిలితే తనంతట తానే వేడెక్కి అంటుకునే బొగ్గు. పనయిపోయిన చోటును గోడ కట్టి ఎందుకు మూసేస్తారో వాళ్లు నాకు చెప్పారు, నాకు తెలిసిన సంగతే అయినా విన్నాను. గద్ద కన్ను కూడా చూడని దారి అన్నచోట ఒకతను నవ్వాడు, ఇప్పుడు ఓసీపీ వచ్చింది గదా, గద్దలన్నీ చూస్తున్నయి అని.

ఆ తర్వాత ఇంకో మాట వచ్చింది. నీళ్లు ఊరకుండా మనిషి కట్టేస్తాడు అని. గది నిశ్శబ్దమైపోయింది.

బయటివాళ్లకు తెలియకపోవచ్చు. 2003 జూన్ 16న ఇక్కడి సెవెన్ ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఖనిలో ఆ రోజు బయట నిలబడినవాళ్లు, ఎదురుచూసినవాళ్లు ఇంకా ఉన్నారు. మా గుంపులో ఒకాయన ఆ రోజు తనతో పనిచేసిన మనిషిని పోగొట్టుకున్నాడు. ఆయన తల ఎత్తకుండానే అడిగాడు. "నీళ్లను కట్టేస్తడని రాసిండు సరే. కట్టలేని దినం సంగతి ఏం రాసిండు?"

ఏ పాఠం పుస్తకంలోనూ ఈ ప్రశ్న లేదు. ఎక్కడో కూర్చుని రాసినవాళ్లకు రావాలన్నా రాదు. ఆ మాట ఈ ఊళ్లో చదివితే ఏమవుతుందో వాళ్లకు తెలియదు. నేను వెంటనే జవాబు చెప్పలేదు, చెప్పదగిన జవాబు నా దగ్గర లేదు. మిగతా అధ్యాయం నెమ్మదిగా చదువుకున్నాం. అన్నీ తవ్వి తీసిన మనిషి జ్ఞానం ఎక్కడ దొరుకుతుందని అడిగితే, అగాధం నాలో లేదంటుంది, సముద్రం నా దగ్గర లేదంటుంది. ఆ మాటకు అందరూ ఒకసారి ఊపిరి తీసుకున్నారు. తర్వాతి వారం ఆయన జవాబు పత్రం ఇచ్చాడు. అర పేజీ. అడిగినందుకు యోబును ఈ పుస్తకం చివర్లో కొట్టలేదు, జవాబులన్నీ తెలుసన్న స్నేహితుల మీదే దేవునికి కోపం వచ్చింది, కాబట్టి నేను కూడా అడుగుతూనే ఉంటాను అని రాశాడు. 42వ అధ్యాయం తనంతట తానే చదువుకున్నాడు. నేను చెప్పలేదు.

ఇంకొకటి. లూకా 13లో సిలోయం గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఉంది. వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులా అని అడిగి, కాదు అని యేసు తానే ఖచ్చితంగా చెబుతాడు. దీనికి మేము ఇచ్చిన ప్రశ్న: మీ బస్తీలో ఏదైనా ప్రమాదం జరిగితే మొదట వినిపించే మాట ఏమిటి? దాన్ని ఈ వాక్యం పక్కన పెట్టి చూడండి. జవాబులు వచ్చాయి. ఖర్మ అన్నారు, నసీబు అన్నారు, పాపం పండింది అన్నారు. ఒకావిడ మాత్రం రెండు పేజీలు రాసింది. ఆమె భర్త రూఫు పడి చనిపోయాడు, ఆదివారం నాడు. ప్లే డే అంటే తెలుసు కదా, వారపు సెలవు రోజు, ఆ రోజు డ్యూటీకి పోతే రెట్టింపు కూలి. ఆరాధన మానేసి డబ్బుకు పోయాడు కాబట్టే అట్లా జరిగిందని ఇంటికి వచ్చిన బోధకుడు ఒకాయన ఆమెతో అన్నాడట. ఎనిమిదేళ్లు ఆ మాటను లోపల పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఆ పత్రం చివర్లో ఇట్లా రాసింది: ఈ వాక్యం ముందు కూడా బైబిల్లోనే ఉందా, మరి ఆయన ఎందుకు చదవలేదు?

ఈ పత్రానికి నేను మార్కులు వేయలేదు. మా గుంపులో ఇంకో అక్కను తోడు తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. వీడియోకి ఈ రెండు పేజీలు వచ్చేవా చెప్పండి. ఎంతమంది చూశారో అంకె వస్తుంది, అంతే.

ఆ బోధకుడు చెడ్డమనిషి కూడా కాదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి, పొద్దున స్నానం చేసి, చిన్న రేకుల షెడ్డులో ముప్పై మందికి ప్రసంగం చెప్పే మనిషి. తన జేబులోంచి ఖర్చు పెట్టుకుని సంఘాన్ని నడిపేవాడు. ఎవరూ అతన్ని కూర్చోబెట్టి చదివించలేదు. తను విన్నది తను చెప్పాడు. మన కాలనీల్లో సంఘాలను మోస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఇట్లాంటివాళ్లే. సెమినరీకి పోలేరు, మస్టరు పోతే ఇల్లు గడవదు. దూరవిద్య పుట్టిందే వీళ్ల కోసం. వీళ్లకు మనం ఇంకో నలభై వీడియోలు ఇచ్చి ఊరుకుంటే, నలభై ప్రసంగాలు కాపీ కొట్టడానికి దొరుకుతాయి. వీళ్లకు కావాల్సింది, "అన్నా, ఈ మాట ఎందుకన్నవ్, ఏ వాక్యం చూసి అన్నవ్" అని ప్రేమగా అడిగే నలుగురు.

మరి కూర్చోవడానికి వీలే లేనివాళ్లు? ఉన్నారు. మన కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఉన్నారు, ఒక గదిలో పది మంది పడుకునే చోట. చిన్న పిల్లలను, మంచంలో ఉన్న అత్తగారిని వదిలి రాలేని ఆడవాళ్లున్నారు. వీళ్ల కోసం గుంపు మనిషి ఒకరు వారానికోసారి ఫోను చేస్తారు, ఇరవై నిమిషాలు. గల్ఫ్‌లో చాలాచోట్ల శుక్రవారం సెలవు, ఆ రోజు. స్లీపరు టేకు కర్రదే కానక్కర్లేదు, సిమెంటుదైనా పట్టాలను పట్టుకుంటే చాలు.

చదవడం రానివాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఒక పెద్దాయన, పాత కోల్ ఫిల్లరు, జవాబులు నోటితో చెబితే మనవరాలు రాసేది. ఆ పిల్ల చదువుకున్నది కదా, తాత మాటలను చర్చి భాషలోకి మార్చి అందంగా రాసేది. తాత చెప్పింది తాత చెప్పినట్టే రాయమ్మా అన్నాను. ఆ తర్వాత వచ్చిన పత్రాలు చదవాలి మీరు. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి పరుగెత్తిన దగ్గర, "ముసలోనికి మోకాళ్లు నొస్తయి, అయినా ఉరికిండు" అని ఉంది.

ఇక కష్టం సంగతి. ఒక్క పత్రం దిద్దడానికి నాకు పావుగంట పడుతుంది, కొన్నిటికి గంట. వారానికి ఇరవైకి మించి నా వల్ల కాదు. పైగా ఊళ్లు చెదిరిపోతున్నాయి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవారు, ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కల. అండర్‌గ్రౌండు తగ్గింది, ఓసీపీలు పెరిగాయి. ఓసీపీ కిందికి పోయిన పల్లెల జనం తలో దిక్కు పోయారు. పిల్లలు హైదరాబాదు పోయారు, వాళ్ల వెనక తల్లిదండ్రులు. నిరుడు తొమ్మిది మంది ఉన్న ఒక గుంపులో ఇప్పుడు నలుగురున్నారు. వీడియో ఒక్కటే చేస్తే ఈ బాధలేవీ లేవు, నాకు తెలుసు. అందుకే వీడియో మానను. ఊరు వదిలిపోయిన ఐదుగురికి నా గొంతు వినిపించేది దీనిలోనే. కానీ దీన్ని తరగతి అనను. చూసినంత మాత్రాన సర్టిఫికెట్టు ఇవ్వను. కోపం వచ్చినా సరే.

ఇరవై పత్రాలే దిద్దగలను అన్నాను కదా, కాబట్టి దిద్దేవాళ్లు కావాలి. రెండేళ్లు చదివినవాళ్లు తర్వాతి గుంపు పత్రాలు దిద్దాలని ఈ ఏడు నుంచి పెట్టుకున్నాం. ఆరుగురు ఒప్పుకున్నారు, అందులో నలుగురు ఆడవాళ్లు. సిలోయం గురించి రాసిన ఆవిడ మొదట నా వల్ల కాదంది. పోయిన వారం ఫోను చేసి, లూకా పాఠం పత్రాలైతే దిద్దుతాను అంది. అవే పంపాను.

వచ్చే ఎపిసోడ్ యోబు 28. చూడబోయే ముందు అధ్యాయాన్ని రెండుసార్లు గట్టిగా చదవండి, ఇంట్లో ఒకరికి వినిపించేలా. ప్రశ్న ఇది: మీ పనిలో మీకు తెలిసి బయటివాళ్లకు తెలియని ఏ సంగతిని ఈ అధ్యాయం సరిగ్గా చెప్పింది, ఏ సంగతిని చెప్పకుండా వదిలేసింది? బాయి పనే కానక్కర్లేదు. బట్టలు కుట్టేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, ఇల్లు చూసుకునేవాళ్లు మీ పని పక్కన పెట్టి రాయండి. అర పేజీ చాలు. మీ దగ్గరలో మా గుంపు ఉంటే అక్కడ ఇవ్వండి. లేకపోతే మీ వీధిలో ఇంకో ఇద్దరిని పిలిచి ఒకరిది ఒకరు చదవండి. రెండో షిఫ్టు వారం వాళ్లకు రేపు పదింటికే తరగతి, ఎప్పటి చోటే.